రేటు కట్టేదెవరు?

ముందు వరసల్లో నిర్మాతలు, వెనక వరసల్లో ఇరవై నాలుగు క్రాఫ్టుల మిత్రులు కూర్చున్నారు. ఈ వరసలు ఎవరూ సర్దలేదు. ఫిలింనగర్‌లో ఏ సభకి వెళ్ళినా కుర్చీలు వాటంతటవే ఇలా సర్దుకుంటాయి. మధ్య వరసలో కూర్చుని నవ్వుతున్నవారిని ఏ లెక్కలో వేయాలో నాకూ తెలియదు.

ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం పెట్టారో ఆయన పేరు, ఫొటో నా వెనక ఫ్లెక్సీ మీద ఉన్నాయి. ఆయనే ఉంటే ఆ ఫ్లెక్సీ కట్టనిచ్చేవారు కాదు. పేరెత్తి పొగిడితే లేచి వెళ్ళిపోయే మనిషి. అందుకని నేను అందరిలాగే మాస్టారు అంటాను. బడిపంతులేం కాదు. లెక్కల్లో తప్పులు పట్టేవారని థియేటర్ మేనేజర్లు పెట్టిన పేరు అది.

మాస్టారు రిప్రజెంటేటివ్. ఈ తరానికి ఆ ఉద్యోగం తెలియదు. డిస్ట్రిబ్యూటర్ తరఫున ప్రింటు బాక్సులతో ఊరికి వెళ్ళి, బొమ్మ ఆడినన్నాళ్ళూ అక్కడే ఉండి, ఆట ఆటకీ ఎన్ని టికెట్లు తెగాయో రాసి పంపాలి. ఆ కాగితాన్ని డీసీఆర్ అంటారు, డైలీ కలెక్షన్ రిపోర్టు. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ. ఒక్కో తరగతికి టికెట్ మొదటి నంబరు, ఆఖరి నంబరు. గ్రాసు, టాక్సు, నెట్టు, షేరు. బుకింగ్ కిటికీ మూయగానే మాస్టారు టార్చిలైటు పట్టుకుని హాల్లోకి వెళ్ళి తలకాయలు లెక్కపెట్టేవారు. కాగితం మీద నంబరుకీ హాల్లో తలలకీ పొంతన కుదరకపోతే ఆ రాత్రి మేనేజరుకి అన్నం సయించేది కాదు.

కుర్రతనంలో ప్రజానాట్యమండలిలో పాటలు పాడినవారు, చివరిదాకా ఎర్రజెండా వదలనివారు. 2000 ఆగస్టులో కరెంటు చార్జీల ఊరేగింపులో ఉన్నారు. 2003 జనవరిలో ఆసియా సోషల్ ఫోరం హైదరాబాద్‌లో జరిగితే ఉన్న ఒక్క ఇస్త్రీ చొక్కా వేసుకుని రోజూ వెళ్ళారు. మరో ప్రపంచం సాధ్యమేనన్న నినాదం అక్కడ దేశదేశాల భాషల్లో వినపడుతుంటే, "శ్రీశ్రీని చదివినవాళ్ళకి ఇందులో కొత్తేముందోయ్" అన్నారు నాతో. కాసేపాగి, "వీళ్ళు ప్రపంచబ్యాంకుని తిడుతున్నారు, కంపెనీని తిడుతున్నారు. రేటు మాట ఎత్తేవాడు కనపడడే" అన్నారు.

ఆ మాటే ఇవాళ్టి నా ఉపన్యాసం. బహుళజాతి కంపెనీల మీద మన నేల మీద జరిగిన పోరాటాల్లో కంపెనీ ఊరు మీద, జెండా మీద, సీసా రంగు మీద జరిగినవి చప్పబడిపోయాయి. కంపెనీ కట్టిన రేటు మీద జరిగినవి ఎంతో కొంత గెలిచాయి. రేటు అనేది జూబ్లీహిల్స్‌లో ప్రతివాడికీ తెలిసిన మాట కాబట్టి, ఇక్కడ చెబితే తొందరగా ఎక్కుతుందని ఆశ.

1

మనం రోజూ వాడే మాటతో మొదలుపెడతాను. సినిమాని ఏరియాలుగా అమ్ముతాం: నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. నైజాం రాజ్యం 1948లో పోయింది, పేరు మన రసీదుల్లో ఉంది. సీడెడ్ ఇంకా పాతది. 1800లో నిజాము తనకు కాపలాగా పెట్టిన ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. రాసిచ్చిన జిల్లాలు కాబట్టి సీడెడ్ డిస్ట్రిక్ట్స్, తెలుగులో దత్తమండలాలు. ఆ పేరు మోయడం నామోషీగా ఉందని 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అనే పేరు ముందుకు తెచ్చారు. జనం స్వీకరించారు, పత్రికలు స్వీకరించాయి, ప్రభుత్వాలూ స్వీకరించాయి. మన డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులు మాత్రం ఇంకా స్వీకరించలేదు. ఫ్యాక్షన్ సినిమాలో హీరో సీమ పౌరుషం గురించి తొడగొట్టి చెబుతాడు. ఆ సినిమా హక్కుల అగ్రిమెంటులో సీడెడ్ అని ఉంటుంది.

దీన్ని వెక్కిరింతకి చెప్పడం లేదు. ఒక కంపెనీ పెట్టిన పేరు రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా మన నోట్లో నానుతోందంటే, కంపెనీ అనేది మనకు 1991లో కొత్తగా వచ్చిన చుట్టం కాదని అర్థం. 1611లో మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ కోఠీ పెట్టడానికి వచ్చిన ఓడ పేరేమిటో తెలుసా? గ్లోబ్. చరిత్రకి అప్పుడప్పుడూ హాస్యం పుడుతుంది.

ఆ కంపెనీ మన నేతగాళ్ళతో వ్యాపారం ఎలా చేసిందో చూడండి. దుబాసీల ద్వారా మగ్గానికి అడ్వాన్సు ఇచ్చింది. అడ్వాన్సు పుచ్చుకున్నవాడు గుడ్డ ఇంకొకడికి అమ్మడానికి లేదు. నేసి తెచ్చాక అది మేలు రకమా నాసి రకమా తేల్చేది కంపెనీ మనిషి, రేటు చెప్పేదీ అతనే. ఈ హాల్లో అడ్వాన్సు పుచ్చుకుని మూడేళ్ళుగా వేరే బేనరుకి రాయలేక కూర్చున్న రచయితలు కనీసం ఇద్దరు కనిపిస్తున్నారు నాకు. ఆ నేతగాడి సంగతి వారికి విడమర్చి చెప్పక్కర్లేదు.

2

ఇక సీసా కథ. 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక, విదేశీ మారక చట్టం కింద వాటా తగ్గించుకోమంటే కోకాకోలా దేశం వదిలి వెళ్ళిపోయింది. జార్జి ఫెర్నాండెజ్ పేరు అప్పుడు మారుమోగింది. ఆ ఖాళీలోకి పార్లే వాళ్ళు థమ్సప్ తెచ్చారు. 1993లో కోకాకోలా తిరిగొచ్చి ముందుగా చేసిన పని, ఆ థమ్సప్‌ని కొనేయడం. స్వదేశీ సీసా అదే, మూత అదే, ఘాటు అదే. యజమాని మారాడు.

అక్కణ్నుంచి ఆ సీసా మన జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు హోర్డింగు ఎక్కింది. చిరంజీవి గారి చేతిలో ఉంది, తర్వాత మహేశ్ బాబు గారి చేతిలోకి వచ్చింది. పవన్ కల్యాణ్ గారు 2001లో పెప్సీ పట్టుకున్నారు. 2003లో ఢిల్లీ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెంటర్ వాళ్ళు కూల్‌డ్రింకుల్లో పురుగుమందుల అవశేషాలున్నాయని బయటపెట్టినప్పుడు ఊళ్ళలో కుర్రాళ్ళు సీసాలు నడిరోడ్డు మీద పగలగొట్టారు. కేరళలో ప్లాచిమడ ఆదివాసులు తమ బావులు ఎండిపోతున్నాయని కోకాకోలా ఫ్యాక్టరీ ముందు 2002 నుంచి కూర్చున్నారు, 2004లో అది మూతపడింది. తేడా గమనించండి. రోడ్డు మీద సీసా పగలగొట్టిన కుర్రాడు మర్నాడు ఇంకో సీసా కొన్నాడు. ప్లాచిమడ వాళ్ళకి సీసాతో పని లేదు. మా బావిలో నీళ్ళు నువ్వు ఎంతకి తోడుకుంటున్నావు, ఎవరినడిగి తోడుకుంటున్నావు అన్నది వాళ్ళ ప్రశ్న.

ఈలోగా మన పరిశ్రమ ఒక విద్య నేర్చింది. కంపెనీ మీద జనం కోపాన్నే సరుకు చేసి అమ్మడం. 2017 సంక్రాంతికి వచ్చిన 'ఖైదీ నంబర్ 150' చూశారు కదా. తమిళ 'కత్తి'కి రీమేకు. రైతుల భూమి మీద కన్నేసిన కార్పొరేటు, రైతుల ఆత్మహత్యలు, హీరో తిరుగుబాటు. హాల్లో ఈలలు నిజం, కన్నీళ్ళూ నిజం. నేనూ తుడుచుకున్నాను. టైటిల్సులో కొణిదెల ప్రొడక్షన్‌తో పాటు ఉన్న లైకా, లండన్ కేంద్రంగా ఫోన్ కాల్స్ వ్యాపారం చేసే బహుళజాతి సంస్థ. 2019లో 'మహర్షి'. అమెరికా కంపెనీ సీఈఓ పల్లెకొచ్చి గ్యాస్ ప్రాజెక్టు కింద పోబోతున్న పొలాల కోసం నిలబడతాడు. ఆ సినిమా చూసి వారాంతపు వ్యవసాయం చేద్దామని హైటెక్ సిటీ నుంచి కార్లు బయల్దేరాయి. సోమవారం తిరిగొచ్చాయి.

ఇందులో ఎవరి నిజాయితీనీ శంకించడం లేదు. కథ రాసినవాళ్ళు రైతు గురించే రాశారు. కాకపోతే కోపానికి కూడా ఒక శుక్రవారం రిలీజు, ఒక లాంగ్ రన్ ఉంటాయి, ఆ తర్వాత బొమ్మ ఎత్తేస్తారు. మూడు వ్యవసాయ చట్టాల మీద 2021లో 'రైతన్న' తీసిన ఆర్. నారాయణమూర్తి గారి సంగతి చూడండి. చిన్న సినిమాకి థియేటర్లు దొరకవని ఆయన ఏళ్ళ తరబడి మైకుల ముందు మొత్తుకుంటున్నారు. కంపెనీని తిట్టడానికి థియేటరు దొరకాలన్నా ముందు థియేటర్ రేటు కట్టగలగాలి.

3

రేటు మీద జరిగిన పోరాటాలు రెండు చెబుతాను. రెండూ సినిమావి కావు. ఓపిక పట్టండి, మళ్ళీ ఇక్కడికే వస్తాను.

ప్రపంచబ్యాంకు షరతులతో 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీలింది. అదే కాలంలో సైబర్ టవర్స్ లేచాయి, 2000 మార్చిలో క్లింటన్ వచ్చి వెళ్ళారు. ప్రపంచబ్యాంకు అనే మాట పల్లె మనిషికి ఏమీ చెప్పదు. ప్రపంచీకరణ అంటే ఇంకా చెప్పదు. ఆ వేసవిలో పెరిగిన కరెంటు బిల్లు ఇంటికి రాగానే మాత్రం అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. వామపక్షాలు, కాంగ్రెస్ కలిసి ఊరూరా కదిలాయి. ఆగస్టు 28న అసెంబ్లీ వైపు వస్తున్న ఊరేగింపు మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు పోయారు. మాస్టారు ఆ రోజు చెప్పులు పోగొట్టుకుని, పగిలిన అద్దాలతో నారాయణగూడ దాకా నడిచి, అక్కడ ఒక డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో కూర్చుని ముందుగా ఆ రోజు డీసీఆర్ పూర్తి చేశారు. తర్వాతే ఏడ్చారు. 2004 మేలో కొత్త ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం రోజున పెట్టిన మొదటి సంతకం రైతుకి ఉచిత కరెంటు మీద. బ్యాంకు సలహాలు ఆగలేదు, బోర్డు ముక్కలు తిరిగి అతకలేదు. రేటు మాత్రం ఆగింది. వ్యవసాయ కరెంటు మీద చేయి వేయడానికి ఆ తర్వాత ఏ ప్రభుత్వానికీ గుండె చాలలేదు.

రెండోది పత్తి గింజ. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మాహికో, మోన్‌శాంటోల పేరు వరంగల్, గుంటూరు రైతుల నోళ్ళలో నలిగింది. జన్యుమార్పిడి మంచిదా చెడ్డదా అని సభలు జరిగాయి, ప్రయోగపు చేలు తగలబెట్టారు, విషబీజాలన్నారు. ఆ వాదన నేటికీ తెగలేదు. ఇటు రైతు అడిగింది చిన్న ప్రశ్న. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు ఎందుకు? అందులో గింజ ఖరీదు ఎంత, ఆ 'ట్రెయిట్ వేల్యూ' అనేది ఎంత? ట్రెయిట్ వేల్యూ అంటే గింజలో కంపెనీ పెట్టిన గుణానికి కట్టే అద్దె. విప్పి చూస్తే ప్యాకెట్ ధరలో పెద్ద ముక్క అదే. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ అద్దె మీద గుత్తాధిపత్యాల కమిషన్ దగ్గరికి వెళ్ళింది. కమిషన్ తగ్గించమంది. ఆ ఏడే ప్యాకెట్ 750కి దిగింది. 2007లో పత్తి విత్తనాల ధరను నిర్ణయించే అధికారం తనకే ఉండేలా రాష్ట్రం చట్టం చేసుకుంది. మోన్‌శాంటో సుప్రీంకోర్టు దాకా పోయింది గానీ ధర మళ్ళీ మునుపటికి ఎక్కలేదు. తగలబెట్టిన చేలకి లొంగని కంపెనీ, రసీదు విప్పి చూపించమంటే లొంగింది.

మాస్టారికి ఇది ఎంత నచ్చిందంటే, విత్తనాల ప్యాకెట్ ఖాళీది ఒకటి తెప్పించుకుని డీసీఆర్ ఫైల్లో పెట్టుకున్నారు. "ఇది కూడా గ్రాసు, నెట్టు, షేరు లెక్కే" అనేవారు.

4

ఇప్పుడు మన ఇంటికి వద్దాం.

ప్రింటు రోజుల్లో సినిమా అంటే వస్తువు. ఒక్కో ప్రింటుకి యాభై, అరవై వేలు అయ్యేది. రీళ్ళు రేకు బాక్సుల్లో పెట్టి ల్యాబ్ నుంచి ఆర్టీసీ బస్సు మీదో రైల్లోనో పంపేవారు. "బాక్సు వచ్చిందా?" అన్నది రిలీజు రోజు తెల్లవారుజామున రాష్ట్రమంతా వినపడే ప్రశ్న. రాకపోతే రాళ్ళు పడేవి. ఒకే ప్రింటుని రెండు థియేటర్లలో ఆడించాలంటే, ఇక్కడ ఆడిన రీలుని సైకిలు మీద అక్కడికి తొక్కుకుంటూ పోయే కుర్రాడు ఉండేవాడు. సైకిలు పంక్చరైతే ఇంటర్వెల్ అరగంట. గుంటూరు జిల్లాలో ఒక ఊళ్ళో అలా అరగంట ఇంటర్వెల్లో సోడా బండి పెట్టుకుని ఇల్లు కట్టుకున్న మనిషిని మాస్టారు నాకు చూపించారు.

ఆ రోజులు స్వర్ణయుగమని నేననను. అప్పుడూ బాక్సు ఆపే చేతులున్నాయి. ఫైనాన్షియరు లెటరు ఇవ్వకపోతే ల్యాబ్ నుంచి బాక్సు కదిలేది కాదు. రిలీజు ముందు రాత్రి ల్యాబ్ మెట్ల మీద నిర్మాత భార్య నగలు తీసిచ్చిన కథలు ఇక్కడున్న పెద్దలకి తెలుసు. అయినా ఒకటుంది. ఆ ఫైనాన్షియర్‌కి ఒక ఇల్లుంది, ఆ ఇంటికి ఒక గేటుంది. వెళ్ళి ఆ గేటు ముందు కూర్చోవచ్చు. కూర్చున్నారు కూడా.

డిజిటల్ వచ్చింది. క్యూబ్, యూఎఫ్ఓ లాంటి కంపెనీలు థియేటర్లలో ప్రొజెక్టర్లు, సర్వర్లు పెట్టాయి. ప్రింటు ఖర్చు పోయింది, చిన్న ఊరికీ మొదటి రోజే సినిమా వచ్చింది. అది మేలే, కాదనను. సినిమా ఇప్పుడు తాళం వేసిన ఫైలు. దాన్ని తెరిచే తాళంచెవిని కేడీఎం అంటారు. ఏ థియేటర్లో, ఏ సర్వర్ మీద, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది అందులోనే రాసి ఉంటుంది. గడువు దాటితే తెర నల్లబడుతుంది. "బాక్సు వచ్చిందా?" పోయి "కీ వచ్చిందా?" వచ్చింది. రీలు తొక్కుకుపోయే కుర్రాడికీ, బాక్సు వెంట వెళ్ళే మాస్టారికీ పని పోయింది.

ఈ ఏర్పాటుకి నిర్మాత సినిమా సినిమాకీ, థియేటర్ థియేటర్‌కీ కట్టే రుసుము పేరు వర్చువల్ ప్రింట్ ఫీ, వీపీఎఫ్. లేని ప్రింటుకి కట్టే డబ్బు. పేరులోనే నిజం ఒప్పుకున్నారు, మెచ్చుకోవాలి. ఈ పద్ధతి పుట్టింది హాలీవుడ్‌లో. థియేటర్లు కొత్త ప్రొజెక్టర్లు కొనుక్కోవడానికి ఖర్చవుతుంది, ప్రింట్ల ఖర్చు మిగిలిన స్టూడియోలు అందులో కొంత భరించాలి, యంత్రం ఖరీదు తీరాక ఆపేయాలి. అక్కడ లెక్క అది. ఇక్కడ మన నిర్మాతలు అడిగిందీ అదే: యంత్రం అప్పు ఎప్పుడో తీరింది కదా, ఇంకా ఎన్నాళ్ళు? పైగా తెర మీద ప్రకటనల ఆదాయం కూడా ఆ కంపెనీలు తీసుకుంటున్నాయి కదా?

2018 మార్చి 2న తెలుగు రాష్ట్రాల్లో థియేటర్లు మూసేశారు. దక్షిణాది పరిశ్రమలన్నీ కలిసి మొదలుపెట్టిన బంద్ అది. మన దగ్గర వారం తిరిగేసరికి ఎంతో కొంత తగ్గింపుకి ఒప్పుకుని తెరిచారు. తమిళులు మాత్రం ఏప్రిల్ మూడో వారం దాకా కొత్త సినిమా వేయకుండా నిలబడ్డారు. మనం తొందరపడ్డామా? నా అభిప్రాయం అడిగితే, పడ్డాం. వేసవి రిలీజులు నెత్తి మీదున్నాయి, భయపడ్డాం.

ఒక్కటి మర్చిపోకండి. ఆ కంపెనీల్లో ఒకటి మదరాసుది, ఒకటి బొంబాయిది. విదేశీ భూతం కాదు. స్వదేశీ కంపెనీ కూడా తాళంచెవి చేతికొస్తే 1800 నాటి కంపెనీలాగే ప్రవర్తిస్తుంది. అందుకే మన కోపం జెండా చూసి రాకూడదంటున్నాను.

5

ఓటీటీ దగ్గరికి వచ్చేసరికి గేటు కూడా లేదు.

2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్, ఆ డిసెంబరులో అమెజాన్ ప్రైమ్ మన దేశంలో మొదలయ్యాయి. కరోనాలో థియేటర్లు మూతపడ్డాక, 2020 సెప్టెంబరు 5న నాని గారి 'వి' నేరుగా ప్రైమ్‌లో వచ్చింది. మరుసటి ఏడు 'టక్ జగదీష్' కూడా అలాగే వస్తుందంటే తెలంగాణ థియేటర్ల యజమానులు సమావేశం పెట్టి హీరో మీద విరుచుకుపడ్డారు. పాపం, ఆయనేం చేస్తారు? అందుబాటులో ఉన్న గేటు ఆయనది. రేటు కట్టిన కంపెనీ ఆఫీసు సియాటిల్‌లో ఉంది.

2022 ఆగస్టు 1 నుంచి షూటింగులు ఆగాయి. కార్మికులు కాదు, నిర్మాతలే ఆపుకున్నారు. ఖర్చులు తగ్గాలి, సినిమా థియేటర్లో పడ్డాక ఎనిమిది వారాల వరకు ఓటీటీకి ఇవ్వకూడదు. చక్కటి తీర్మానం. ఆ ఎనిమిది తర్వాత నాలుగుకి జారింది, ఎవరు జారవిడిచారో ముందు వరసకి తెలుసు. హిందీ వైపు పెద్ద మల్టీప్లెక్సులు మాత్రం ఎనిమిది వారాలంటే ఎనిమిదే అని పట్టు పట్టాయి. మన సినిమాల హిందీ వెర్షన్లు కూడా అక్కడ ఆ మాటకి కట్టుబడక తప్పడం లేదు. ఇప్పుడైతే రిలీజు తేదీ కూడా ఓటీటీ వాళ్ళు చెబితేనే అని నిర్మాతలే ప్రెస్‌మీట్లలో వాపోతున్నారు. ముహూర్తం పెట్టే పంతులు మారాడన్నమాట.

'ఆర్ఆర్ఆర్' చూడండి. అల్లూరి, కొమురం భీం కలిసి తెల్లవాడిని తరిమే కథ. 2022లో అమెరికా వాళ్ళు నెట్‌ఫ్లిక్స్‌లో ఎగబడి చూశారు, 2023 మార్చిలో పాటకి ఆస్కార్ వచ్చింది, ఫిలింనగర్ అంతా టపాకాయలు. ఆ నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్నది హిందీ డబ్బింగు. తెలుగు హక్కులు వేరే వాళ్ళ దగ్గర ఉండిపోయాయి. తెల్లవాడిని ఎదిరించే తెలుగు కథని నెట్‌ఫ్లిక్స్‌లో ప్రపంచం తెలుగులో వినలేదు, ఎందుకంటే ఏ హక్కు ఎవరికి, ఏ రేటుకి అన్నది వేరే బల్ల మీద తేలిపోయింది. సీడెడ్ ఏరియాలాగే అదీ ఒక దస్తావేజు.

టీవీ సంగతి క్లుప్తంగా. మన జూబ్లీహిల్స్ వాళ్ళ పెట్టుబడులున్న మా టీవీని 2015లో మర్డోక్ గారి స్టార్ కొన్నది. 2019లో స్టార్ డిస్నీ చేతికి పోయింది. 2024లో రిలయన్స్‌తో కలిసి జియోస్టార్ అయింది. పదేళ్ళలో నాలుగు జెండాలు. సీరియల్లో అత్త పాత్ర వేసే ఆవిడ రోజు కూలీ మీద ఏ జెండా ప్రభావం ఎంతో ఆవిడనే అడగండి. అన్నపూర్ణ స్టూడియోలో బిగ్ బాస్ ఇల్లుంది. నెదర్లాండ్స్‌లో పుట్టిన ఫార్మాట్ అది. అశ్లీలం, సంస్కృతి పాడైపోతోంది అని నాయకులు దాన్ని ఏటా దులుపుతారు. ఆ ఇంటి అద్దె, అంటే ఫార్మాట్ ఫీజు, ఎంత, ఎవరికి పోతోంది అని అడిగినవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు.

రేటు కిందికి పారే నీరు. ఓటీటీ నిర్మాతకి తగ్గిస్తే నిర్మాత లైట్‌మ్యాన్‌కి తగ్గిస్తాడు. 2025 ఆగస్టులో సినీ కార్మికుల ఫెడరేషన్ కూలీ 30 శాతం పెంచమంది, 18 రోజులు షూటింగులు ఆగాయి, చివరికి మూడేళ్ళలో విడతలుగా 22.5 శాతానికి రాజీ కుదిరింది. ఆ పద్దెనిమిది రోజులూ కృష్ణానగర్ వాళ్ళు జూబ్లీహిల్స్ వాళ్ళని తిట్టారు, జూబ్లీహిల్స్ వాళ్ళు కృష్ణానగర్ వాళ్ళని తిట్టారు. మధ్యలో ఉన్నది ఒక్క దిగుడు రోడ్డు. ఇద్దరికీ రేటు కట్టినవాడు ఆ రోడ్డు మీద లేడు.

గ్రాఫిక్స్ పిల్లల మాట కూడా చెప్పాలి. 'లైఫ్ ఆఫ్ పై'లో పులిని తయారుచేసిన రిథమ్ అండ్ హ్యూస్‌కి హైదరాబాద్‌లో స్టూడియో ఉండేది, ఇక్కడి పిల్లలూ ఆ పులి మీద పనిచేశారు. 2013 ఫిబ్రవరిలో ఆ సినిమా ఆస్కార్ తీసుకునే నాటికి కంపెనీ దివాళా పిటిషన్ వేసి ఉంది. అవార్డు అందుకుని వేదిక మీద ఆ మాట ఎత్తబోయిన మనిషి మైకు ఆపేసి సొరచేప సినిమా సంగీతం వాయించారు. బయట రోడ్డు మీద గ్రాఫిక్స్ కళాకారులు అట్టలు పట్టుకుని నిలబడ్డారు. దోపిడీ అమెరికావాడు ఇండియావాడిని చేసేది మాత్రమే అనుకునే మన పాత లెక్క ఆ రాత్రి నాకు తప్పింది.

6

మరి గేటు లేనివాడిని ఎక్కడ పట్టుకోవాలి? ఎర్రజెండా మిత్రులు దీనికి జవాబు నన్ను అడగొద్దు, నేను వ్యాపారం పేజీ రాసుకునేవాడిని. ఒక ఉదాహరణ మాత్రం ఉంది.

2023లో హాలీవుడ్ రచయితలు 148 రోజులు సమ్మె చేశారు. మన పత్రికల్లో ఏఐ గురించే రాశాం. వాళ్ళు గెలుచుకున్న వాటిలో నన్ను ఆపేసింది వేరే క్లాజు. ఓటీటీలో ఒక షోని జనం మొత్తం ఎన్ని గంటలు చూశారో ఆ లెక్క కంపెనీ ఇకమీదట రచయితల సంఘానికి చూపించాలి. మొదటి 90 రోజుల్లో దేశంలోని చందాదారుల్లో అయిదో వంతు మంది చూస్తే రచయితకి బోనసు ఇవ్వాలి. అంతకుముందు రాసినవాడికి తన బొమ్మ ఆడిందో లేదో తెలిసే దారి లేదు. కంపెనీ చెప్పిందే లెక్క.

ఐదు నెలలు రోడ్డు మీద నడిచి వాళ్ళు సాధించుకున్నది ఏమిటో గుర్తుపట్టారా? డీసీఆర్. మొదటి నంబరు, ఆఖరి నంబరు. టార్చిలైటు వేసి తలకాయలు లెక్కపెట్టే హక్కు. (మన కలెక్షన్ పోస్టర్లు ఏపాటి నిజమో నన్ను అడగకండి. అబద్ధం ఆడటానికైనా ముందు ఒక లెక్కంటూ ఉండాలి.)

మాస్టారు ఆ సమ్మె చూడలేదు. 2020 సెప్టెంబరులో, థియేటర్లు మూతపడి ఉన్న రోజుల్లో, యూసుఫ్‌గూడ రెండు గదుల ఇంట్లో మనవడి ఫోనులో ఆయన ఒక కొత్త తెలుగు సినిమా చూశారు. జీవితంలో రిలీజు రోజు హాలు బయట లేకపోవడం అదే మొదలట. సినిమా అయ్యాక పాత ఫైల్లోంచి ఒక ఖాళీ డీసీఆర్ ఫారం తీశారు. పైన సినిమా పేరు, తేదీ రాశారు. థియేటరు అన్న చోట "మా ఇల్లు" అని రాశారు. ఆట: ఫస్ట్ షో. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ ఖాళీ. మొదటి నంబరు, ఆఖరి నంబరు ఖాళీ. గ్రాసు, నెట్టు, షేరు ఖాళీ. కింద రిప్రజెంటేటివ్ సంతకం దగ్గర మాత్రం ఎప్పట్లాగే రెండు గీతలు కొట్టి సంతకం పెట్టారు.

వాళ్ళమ్మాయి ఆ ఫైలు నాకిచ్చారు. పత్తి గింజల ప్యాకెట్ కూడా అందులోనే ఉంది. రెండింటినీ ఈ బల్ల మీద పెడుతున్నాను, టీకి లేచినప్పుడు చూడండి. ఫారం మడత దగ్గర చిరుగుతోంది, కాస్త జాగ్రత్తగా పట్టుకోండి.